బురదలో వంతు

భోజనాల బల్ల మీద మిఠాయి పెట్టె ఉంది. ఎవరూ విప్పలేదు.

సెలవు మీద వెళ్లినవాడు తిరిగొస్తూ తోటివాళ్లకి మిఠాయి తేవడం, తలా ఒకటి తీసుకుని "బాగుంది" అనడం వాళ్ల దేశంలో ఏ పనిచోటైనా ఉన్నదే. నచ్చకపోయినా తింటారు. ముట్టుకోలేదంటే ఆ మనిషి మొహం మీద తలుపు వేసినట్టే.

పెట్టె మీద వేడినీటి బుగ్గలున్న ఊరి పేరు, పొగలు కక్కే కొండ బొమ్మ ఉన్నాయి.

"వారెవా! మేం మోకాళ్లలోతు బురద ఎత్తుతుంటే అయ్యగారు వేడినీళ్ల స్నానాలకి వేంచేశారన్నమాట," అన్నాడు ఇగుచి. చేపను రుబ్బి కేకులు చేసే ఆ చిన్న ఫ్యాక్టరీలో అందరికంటే నోరు పెద్దది అతనికే.

కువబారా లేచి నడుం వంచాడు. "క్షమించండి. దారిలో స్టేషన్లో కొన్నాను."

"మొహం చూడండర్రా, ఎలా కమిలిపోయిందో! నీళ్లు మరీ కాగాయా ఏంటి?"

అందరూ నవ్వారు. వాళ్ల పని అజమాయిషీ చూసే ఆవిడ, మసాయో, మాత్రం నవ్వలేదు.

కువబారా ఎక్కడినుంచో వచ్చి రెండేళ్లయింది. వస్తాడు, పని చేస్తాడు, పోతాడు. ఏడాదికోసారి ఐదు రోజులు సెలవు పెడతాడు. ఎందుకో చెప్పడు. తిరిగొచ్చేటప్పుడు ఇలాగే ఒక పెట్టె. అంతవరకూ సర్దుకున్నారు.

ఈసారి మాత్రం నది ఫ్యాక్టరీలోకి వచ్చిన రోజు పొద్దున్నే ఫోన్ చేశాడు. "పది రోజులు రాలేను మసాయో గారూ, క్షమించండి."

ఆ పది రోజులూ మిగిలినవాళ్లు నడుములు పడిపోయేలా బురద ఎత్తారు. మసాయో కూడా పార పట్టింది. భర్త పోయాక అత్తగారి బాధ్యత తనదే. వరదకి ఆ ముసలావిడ నది అవతల బడి హాల్లో తలదాచుకుంది. నాలుగో రోజున వంతెన తెరిచారు. మసాయో వెళ్లలేదు. "ఇక్కడ వదిలేసి ఎలా వచ్చేది అత్తయ్యా?" అంది ఫోన్లో. ఆ మాట తనకే ముల్లులా గుచ్చుకుంది. ఆ గుచ్చుకున్నదంతా కువబారా మీద కోపంగా మారింది.

రెండు యంత్రాలు పాడైపోయాయి. "ఒకరిని తీసెయ్యక తప్పదు. సాయంత్రానికి పేరు చెప్పు," అన్నాడు యజమాని.

మసాయో కువబారాని పక్కకి పిలిచింది. "కువబారా గారూ, ఎక్కడికి వెళ్లారో చెప్పండి. కారణం సబబుగా ఉంటే మీ పేరు రాయను."

అతను టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"సొంత పనండీ."

"అంతేనా?"

"అంతే. మిమ్మల్ని చాలా ఇబ్బంది పెట్టాను."

మసాయోకి ఒళ్లు మండింది. పేరు రాసి ఇచ్చేసింది.

ఐదింటికి అతను ఏప్రాన్ మడత పెట్టాడు. రబ్బరు బూట్లు కడిగి గోడ వారన నిలబెట్టాడు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి వంగి సెలవు తీసుకున్నాడు. మసాయో దగ్గర కాస్త ఎక్కువ వంగాడు. అది వెటకారమనుకుంది మసాయో.

తిండి పారేయడానికి మనసొప్పక పెట్టె ఇంటికి తెచ్చింది. నిన్నటినుంచి అత్తగారు తొమె బామ్మ ఆమె దగ్గరే ఉంటోంది. బామ్మ పూర్ణం పెట్టిన మిఠాయిని బోసినోట్లో నానబెట్టుకుంటూ అడిగింది, "ఎవరు తెచ్చారే?"

"ఒకడున్నాడులే అత్తయ్యా. ఇవాళ్టితో పీడ వదిలింది."

"అయితే కాగితం తీసుకో. నా చేతులు వణుకుతున్నాయి. ఆ సిపాయి అబ్బాయికి నాలుగు ముక్కలు రాసిపెట్టు."

"ఏ సిపాయి?"

"బడి ఆవరణలో సైన్యంవాళ్లు వేడినీళ్ల స్నానాల డేరా వేశారని చెప్పలా? రోజూ సాయంత్రం వీపు మీద ఎక్కించుకుని తీసుకెళ్లేవాడు. నా చెప్పులు పట్టుకుని బయట కూచునేవాడు. రెండు రోజులు మెతుకు ముట్టనిదాన్ని, ఆ వేడినీళ్లలో కూచున్నాకే నాకు అన్నం సహించింది."

"వాళ్ల ఉద్యోగమే అది అత్తయ్యా. జీతాలు తీసుకోవడం లేదూ?"

"పూర్తి ఉద్యోగం కాదే. రిజర్వు దళమట. మామూలప్పుడు ఎక్కడో పని చేసుకుంటాడు. ఏడాదికి ఐదు రోజులు శిక్షణ. ఇలాంటి ఆపదొచ్చి పిలిస్తే మూట సర్దుకోవాలి."

ఐదు రోజులు అన్న దగ్గర మసాయో కలం ఆగింది.

"డబ్బు బాగా ఇస్తారా నాయనా అని నేనూ అడిగా. పగలబడి నవ్వాడు. నెలనెలా వచ్చేది రెండుసార్లు బయట తింటే సరి అన్నాడు. పిలిచిన రోజులకి వేరే ఇస్తారట. పని చేసే కంపెనీకి కూడా సర్కారు ఎంతో కొంత ఇస్తుందట. మరి చెప్పి రావచ్చుగా అన్నా. 'చెప్పిన రెండు చోట్లా పని పోయింది బామ్మగారూ, పిలవగానే లేచిపోయేవాణ్ని ఎవరుంచుకుంటారు?' అన్నాడు."

"పేరేంటి?" అంది మసాయో.

"చెబితేగా! 'మీ కోడలుగారితో ఇప్పుడే అనొద్దు, మొహమాటపడతారు, మీరు ఇల్లు చేరాక చెప్పండి' అని ఒట్టు వేయించుకున్నాడు. అందుకే ఇన్నాళ్లూ నోరు కట్టుకున్నా."

"పేరు తెలియకుండా ఉత్తరం ఎవరికి ఇవ్వను అత్తయ్యా?"

బామ్మ పెట్టెలోంచి ఇంకో మిఠాయి తీసుకుంది.

"నీకు తెలిసినవాడే అయ్యుంటాడులే. బడి హాల్లో రాయించుకున్న నా చీటీలో, అయినవాళ్లు అన్నచోట నీ పేరు చదివిన రోజే నా ముందు మోకాళ్ల మీద కూచుని అన్నాడు: 'అక్కడ నా వంతు బురద మీ కోడలుగారే ఎత్తుతున్నారు బామ్మగారూ, ఇక్కడ ఆవిడ వంతు నన్ను మొయ్యనివ్వండి' అని."