కంప్యూటర్ పలికిన పేరు

"పాత పేరు అక్షరం పొల్లు పోకుండా కావాలక్కా. అది లేకపోతే ఈ కంప్యూటర్ లేవదు," అన్నాడు ఎర్నిస్.

బెర్మెట్ తలగుడ్డ సవరించుకుంది. "పేరంటే... గొర్రెలు కాసేవాళ్ళని ఏమంటారో అదే. చివర ఇంకో ముక్క ఉంటుంది."

ఎర్నిస్ నవ్వు ఆపుకున్నాడు. నరిన్‌లో రిపేరు కొట్టు పెట్టి ఏడాది కూడా కాలేదు గాని, అతనూ కిర్గిజ్ తల్లి బిడ్డే. కోడలు మామగారి పేరు నోటితో అనదని అతనికి ఇంకొకరు చెప్పాలా? వాళ్ళ నాయనమ్మ బతికున్నన్నాళ్ళూ చాకుని "కోసేది" అనే అంది. ఆవిడ మామగారి పేరుకి కత్తి అని అర్థం మరి.

"కోయ్‌చుమన్ గారా?" అని అడిగాడు. గొర్రెల కాపరిని వాళ్ళ భాషలో కోయ్‌చు అంటారు. ఆమె నేల చూస్తూ తలూపింది.

తప్పు ఆమెదే. దాచుకోలేదు కూడా. కోయ్‌చుమన్ ముసలాయనకు చూపు మందగించాక కంప్యూటర్ పైకి చదివి వినిపించేలా పెట్టించారు. తంటా అక్కడే వచ్చింది. తెరిచినా మూసినా, ఏ పాట వెతికినా ఆ మహాతల్లి ముందు ఆయన పేరు చదివి గాని కదలదు. మీట నొక్కేదేమో బెర్మెట్. పెద్దాయన్ని తానే పేరు పెట్టి పిలిచినట్టు రోజూ ఆమె ప్రాణం చచ్చిపోయేది. రిజిస్ట్రీలో మారిస్తే అంతటా మారిపోతుందని ఇంటర్నెట్‌లో ఎవడో రాశాడు. ఇవాళ ఆయన పక్క వీధిలో విందుకి వెళ్ళగానే కూర్చుని, ఆ పేరు కనిపించిన చోటల్లా చెరిపేసి "నాన్న" అని రాసింది. ఫోల్డర్ పేరు కూడా వదల్లేదు. ఆపి మళ్ళీ వేస్తే తెర నల్లగా ఉండిపోయింది.

ఏ వస్తువు ఎక్కడుందో, ఎవరిదో కంప్యూటర్ గుర్తుపెట్టుకునే చోటే రిజిస్ట్రీ అని ఎర్నిస్ చెప్పాడు. గౌరవం కొద్దీ దాని మతి పోగొట్టారని నవ్వించబోయాడు. ఆమె నవ్వలేదు.

ముసలాయన రేడియోలో పనిచేసే రోజుల్లో గుర్రం మీద కొండలన్నీ తిరిగి, గొర్రెల కాపర్ల గుడారాల్లో కూర్చుని రికార్డు చేసుకొచ్చిన మూడు తీగల కోముజ్ బాణీలు అందులో ఉన్నాయి. వాయించినవాళ్ళు చాలామంది ఇప్పుడు లేరు. టేపులు చెమ్మకి పాడైపోయాయి. ఆయనకు సాయంత్రం అయిందంటే ఆ బాణీలే కావాలి. ఇంకో చోట ఎక్కించి పెట్టుకోలేదా అని ఎర్నిస్ అడిగితే ఆమె అడ్డంగా తలూపింది.

"అవి పోతే నేనింక ఏ ముఖం పెట్టుకుని ఈ ఇంట్లో ఉంటాను?" అంది.

"కోడల్ని ఎవరు పొమ్మంటారక్కా?"

 ఆమె చెవులకున్న వెండి జూకాలు తడుముకుంది. పాతకాలపు పనితనం. పెళ్ళి నిశ్చయమైన రోజు ఈ ఇంటి పెద్దావిడ, ఇప్పుడు లేదు, తన చేత్తో పెట్టినవి. ఇంతలో ఫోన్ మోగింది. అవతల వాళ్ళ అమ్మ. ఇంటికి వచ్చెయ్యమని రోజూ పాడే పాటే. ఇక్కడ బాగానే ఉందని, పనిలో ఉన్నానని చెప్పి పెట్టేసింది.

ఎర్నిస్ పెన్‌డ్రైవ్ పెట్టి లోపల వెతికాడు. కొత్త కంప్యూటర్లలో అయితే నకలు దాచే చోటు ఖాళీగా ఉండేది. ఇది పాతది కావడం మంచిదైంది, రిజిస్ట్రీ పాత నకలు దొరికింది. చెడినదాన్ని పక్కకు తీసి, నకలుని దాని చోట పెట్టసాగాడు. అది ఎక్కేలోగా ఆమె టీ, వేయించిన బోర్సోక్ పిండిముక్కలు, మీగడ తెచ్చింది.

గోడ మీద ఫొటో ఒక్కటే ఉంది. గుర్రం మీద నవ్వుతున్న కుర్రాడు.

"ఇంటాయనా?"

"తిలెక్," అంది. ఆ పేరు మాత్రం హాయిగా పలికింది. "డోలోన్ కనుమలో మంచు విరిగిపడింది."

ఎర్నిస్ పోయినవాడి కోసం దువా చేసి రెండు అరచేతులూ ముఖానికి ఆనించి దించాడు. 

ఫోల్డర్‌కి పాత పేరు పెట్టి కంప్యూటర్ వేశాడు. తెర వెలిగింది. "కోయ్‌చుమన్, స్వాగతం," అంది గొంతు. ఎప్పుడూ ఆ మాటకి ముడుచుకుపోయే మనిషి ఈసారి అక్కడే కూలబడి ఏడ్చేసింది. ఎర్నిస్ ఒక బాణీ నొక్కాడు. ఏ కొండ మీదో ఎవరో ముసలాయన దగ్గి, గొంతు సవరించుకుని కోముజ్ మీటాడు.

గుమ్మంలో చప్పుడైంది. కర్ర పట్టుకుని కోయ్‌చుమన్ నిలబడి ఉన్నాడు. బాణీ అయ్యేదాకా కదల్లేదు. తర్వాత ఎందుకేడుస్తున్నావని అడిగాడు. ఆమె తల వంచుకుని చేసిందంతా చెప్పింది. ఆయన కాసేపు గడ్డం నిమురుకున్నాడు.

"ఈ పేరు మార్చడానికి సరైన దారి లేదా బాబూ?"

ఉందన్నాడు ఎర్నిస్. కొత్త ఖాతా తెరిచి బాణీలన్నీ అందులోకి మార్చుకోవచ్చు. ఏ పేరు పెట్టమంటారని అడిగాడు.

"బెర్మెట్ అని పెట్టు. రోజూ దాన్ని లేపేది అమ్మాయి. ఇంటి మనిషి పేరే పిలవాలి."

ఆమె వద్దనబోయింది. ఆయన వినిపించుకోలేదు.

పనయ్యాక ముసలాయన గేటు దాకా వచ్చాడు. మీరు అదృష్టవంతులని ఎర్నిస్ అన్నాడు. తన భార్య మామగారిని పేరు పెట్టి కేకేస్తుందనీ, ఆయన చక్కగా పలుకుతాడనీ చెప్పాడు.

"పెళ్ళిలో మీ వాళ్ళెవరో ఈ అక్కకి గట్టిగానే నేర్పినట్టున్నారు," అన్నాడు.

లోపలి నుంచి "బెర్మెట్, స్వాగతం" అని వినిపించింది. కోయ్‌చుమన్ అటు తిరిగి విన్నాడు.

"మా వాడితో ఆమెకి పెళ్ళే కాలేదు బాబూ."