కొమ్మకి కట్టిన జోళ్ళు

"కోళ్ళున్నాయా అమ్మాయ్?"

చెవులు మూసిన బొచ్చుటోపీలోంచి డార్లీన్‌కి అలాగే వినిపించింది.

"కోళ్ళా? కోళ్ళు లాగే బండైతే నేనింకా మొదటి మజిలీలోనే ఉండేదాన్ని తాతా!"

ఎదుట నిలబడ్డ ముసలాయన గడ్డం మీది మంచు దులుపుకుని ఈసారి నోరు బాగా తెరిచాడు.

"జోళ్ళు! కుక్కల జోళ్ళు. చిరిగినవున్నా పర్లేదు."

అలాస్కా మంచుబండి పందెంలో నాలుగో మజిలీ అది. పాదాలు మంచుకి కోసుకుపోకుండా పదకొండు కుక్కలకి జోళ్ళు తొడుగుతోంది డార్లీన్. నలభై నాలుగు పాదాలు, నలభై నాలుగు పట్టీలు, చలికి కొయ్యబారిన పది వేళ్ళు. ఎర్రగుడ్డతో, నల్లదారంతో తను కుట్టుకున్నవే అన్నీ.

"నువ్వు సైలస్‌వి కదూ? పోయినేడు దారిలో రాలిన మా జోళ్ళన్నీ ఏరుకున్నది నువ్వేగా? కొట్టు పెట్టావా ఏం?"

సైలస్ వంగి చూశాడు.

"ఆ వెనక కాలి పట్టీ బిగిసింది. సందులో వేలు దూరాలి."

"పదిహేనేళ్ళుగా తొడుగుతున్నాను తాతా, నాకా చెప్తావ్?" అంది డార్లీన్. అంటూనే పట్టీ వదులు చేసింది.

ముందు నడిచే కుక్క వీపు మీద చరిచింది.

"ఇదిగో, ఇది మా బిస్కట్. పేరుకే బిస్కట్టు, బుర్ర మాత్రం గట్టి రొట్టె! పోయినేడు తుపానులో నా చెయ్యి నాకే కనబడలేదు. ఇది మాత్రం తనంతట తనే గడ్డకట్టిన నది వదిలి గట్టెక్కింది. ముందున్న రెండు బళ్ళూ నీళ్ళలో దిగబడ్డాయి. మేం గెలిచాం."

"విన్నాను. ఆ మలుపు దగ్గరే అమ్మాయ్, ఈసారి కూడా..."

"ఆగు! దారి గురించి ఒక్క ముక్క మాట్లాడకు. బయటివాళ్ళ సాయమని నన్ను పందెంలోంచి తీసేస్తారు. ఎవరు పంపారు నిన్ను? నా వెనక వస్తున్న టోబీయా?"

సైలస్ ఖాళీ సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

"జోళ్ళ దొంగ!" అనుకుని డార్లీన్ బండెక్కింది.

గంట తర్వాత నది మలుపులో బిస్కట్ ఉన్నట్టుండి గట్టు వైపు తిరిగింది.

డార్లీన్ తలెత్తింది. గట్టు మీద పొదకొమ్మలకి వరసగా ఎర్రజోళ్ళు వేలాడుతున్నాయి. ఎర్రగుడ్డ, నల్లదారం!

"చూశావా బిస్కట్, ఆరేశాడు దొంగసొత్తు! బట్టల తీగనుకున్నాడు కాబోలు."

బండి ఆపి, ఒక్కటి మిగల్చకుండా తెంపి సంచిలో వేసుకుంది. ఎనిమిది పాదాలకి సరిపోతాయి.

బిస్కట్ ఇంకా గట్టు వైపే లాగుతోంది.

"ఈసారి నీ తెలివి అక్కర్లేదురా. కనబడ్డంలేదూ, పందెంవాళ్ళు పాతిన గుర్తుకర్రలు నేరుగా నది మీదే ఉన్నాయి!"

బలవంతాన దారిలోకి మళ్ళించింది.

రెండు వందల అడుగులు వెళ్ళారో లేదో, మంచు కింద దాగున్న నీళ్ళు కుక్కల మోకాళ్ళదాకా వచ్చాయి.

డార్లీన్ నీళ్ళలోకి దూకి, మెడపట్టీ పట్టుకుని అన్నింటినీ అవతలి ఒడ్డుకి లాగింది. తడిసిన జోళ్ళు నిమిషాల్లో రాయవుతాయి. పాదాలూ అంతే. ఒక్కొక్కటే పీకి, తుడిచి, పొడివి తొడిగింది. తెచ్చుకున్నవి తొమ్మిది కుక్కలకి సరిపోయాయి. మిగిలిన రెంటికీ, బిస్కట్‌కీ దాని జతదానికీ, కొమ్మ మీంచి తెంపినవే దిక్కయ్యాయి.

అప్పుడు తట్టింది ఆమెకి. గుర్తు కట్టిన కొమ్మలిప్పుడు ఖాళీ. వెనక టోబీ వస్తున్నాడు.

వెనక్కి వెళ్దామంటే మధ్యలో ఆ నీళ్ళే.

ఐదో మజిలీలో పొయ్యి దగ్గర కూర్చున్నా ఆమెకి వణుకు ఆగలేదు. అందరి కళ్ళూ తలుపు మీదే. చివరికి టోబీ వచ్చాడు. అతని కుక్కల కాళ్ళు పొడిగా ఉన్నాయి.

"మలుపులో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు," అన్నాడు టోబీ. "తన చేతితొడుగులు రెండూ విప్పి కొమ్మకి కట్టాడు. ఉత్తచేతులతో గట్టు చూపిస్తున్నాడు. తొడుక్కో తాతా అంటే, వెనక ఇంకా ఏడు బళ్ళున్నాయి, నువ్వు పో అన్నాడు."

మిగతా ఏడు బళ్ళూ వచ్చి చేరాక, మజిలీ చూసుకునే వెర్నా రేడియో పక్కన పెట్టింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆఖరి బండి దాటేదాకా అక్కడే ఉన్నాడట. విమానంలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వేళ్ళు దక్కవంటున్నారు. ఆయన మా పెదనాన్న."

డార్లీన్ లేచింది. ఎప్పుడూ నలుగురికి వినబడే గొంతు ఇప్పుడు తనకే సరిగ్గా వినబడలేదు.

"ఆ జోళ్ళు... తెంపింది నేను. దొంగసొత్తనుకున్నాను."



"గడ్డ కింది నీళ్ళు పొద్దున్నే పైకొచ్చాయి. గుర్తుకర్రలు మార్చేవాళ్ళు సాయంత్రానికి గానీ రారన్నారు," అంది వెర్నా, అందరి వైపూ చూస్తూ. "ఉత్త గుడ్డపీలిక కడితే మీలో ఎవరూ తలెత్తరు. కుక్కజోడు కనబడితే మాత్రం ఆగి చూస్తారు. అందుకే ఏడాదంతా ఏరి దాస్తాడు. ఈసారి నీళ్ళు వెడల్పయ్యాయి, ఉన్నవి చాలక మిమ్మల్ని అడగడానికొచ్చాడు."

"పోయినేడు మాత్రం," అంది డార్లీన్, ఇంకేదో ఒక్కటి మిగిలిందన్నట్టు, "మా బిస్కట్ తనంతట తనే..."

"పోయినేడు తుపానులో నీకు కొమ్మ కనబడలేదమ్మా, బిస్కట్‌కి తన పాతజోడు వాసన తగిలింది, ఆ జోడు కట్టి రాత్రంతా పక్కన నిలబడ్డది మా పెదనాన్నే."