కరీమున్ తరఫు చుట్టాలు

"రెండు కార్లకు పార్కింగ్ చూపించకుండా రోజువారీ అద్దెకు ఇవ్వకూడదమ్మా," అంటూ మునిసిపల్ ఇన్‌స్పెక్టరు కరీమున్ మేడమీది గదికి తాళం వేశాడు. అందులో దిగిన పర్చూరు తల్లీకూతుళ్ళు సంచులతో మెట్ల మీద నిలబడ్డారు.

"పెద్దాసుపత్రిలో మనిషిని పెట్టుకుని బస్సులో వచ్చినవాళ్ళండీ. ఆ బస్సుకి కూడా పార్కింగ్ చూపించమంటారా?" అంది కరీమున్. "వీధి చివర లాడ్జి కార్లన్నీ రోడ్డుమీదేగా!"

"వాళ్ళమీద ఫిర్యాదు లేదు. నీమీద ఉంది."

అతను చూపించిన కాగితంలో మొదటి సంతకం ఎదురింటి రాఘవమ్మది. కరీమున్‌కు ఒళ్ళు మండింది.

"పదేళ్ళు నా చేతి కూర తిని, మంచి పని చేశావు రాఘవమ్మా!" అని వీధంతా వినబడేలా అరిచింది.

రాఘవమ్మ పరుగున వచ్చి ఆ కాగితం మీద తన సంతకం చూసింది. "మురుక్కాలువ బాగుచేయిస్తామని ఆ లాడ్జివాళ్ళు పెట్టించుకున్న సంతకమే అది! నాకు చదవడం వచ్చి ఏడిస్తేగా!"

రాఘవమ్మ మెట్లెక్కి ఆ తల్లి చేతిలోని సంచి అందుకుంది. "పదమ్మా, మా ఇంటికి."

"అక్కడా అద్దెకేనా?" ఇన్‌స్పెక్టరు పెన్ను తీశాడు.

రాఘవమ్మ అతన్ని ఎగాదిగా చూసింది.

"చుట్టాలు నాయనా. కరీమున్ తరఫువాళ్ళు. రాసుకో."