గానుగెద్దు

“చదవమ్మా, వింటాను. పని చేతులకే, చెవులు ఖాళీయేగా!”

పార్కులో రంగులరాట్నం చువ్వ పట్టుకుని, దానితో పాటే గుండ్రంగా నడుస్తూ తోస్తున్నాడు నాన్న. పక్కన బెంచీ మీద కూర్చున్న కూతురు హోంవర్కు పుస్తకం తెరిచింది. ఒక నుడికారం ఎలా పుట్టిందో రాసి, ఉదాహరణ ఇవ్వమన్నారు బళ్ళో. ఆమెకు పదికి పది వచ్చాయి.

“గానుగెద్దు అనే మాట నూనె గానుగ దగ్గర పుట్టింది. ఎద్దు ఉన్నచోటే తిరుగుతుంది. ఆ సంగతి తెలిస్తే ఆగిపోతుందని దాని కళ్ళకు గంతలు కడతారు.” పుస్తకం మూసేసింది. “అంతే నాన్నా.”

“ఉదాహరణ ఏదీ?”

“రాయలేదు.”

“ఇంకా జోరుగా, మామా!” రాట్నం మీద పిల్లలు అరిచారు.

“ఉండండర్రా, మామకు మోటారు బిగించలేదు!” నవ్వి, కూతురి వైపు తిరిగాడు. “నిన్న ఆ పుస్తకానికి అట్ట వేసింది నేనే కదమ్మా. ‘మా నాన్న గానుగెద్దు’ అని నువ్వు రాసింది చూశాను.”

ఆమెకు సిగ్గుతో చచ్చినంత పనైంది.

“బాగానే రాశావు. ఒక్కటే తప్పు, తల్లీ. నాకు గంతల్లేవు. తెలిసే తిరుగుతున్నా.”

చువ్వ పట్టుకుని మళ్ళీ తోశాడు. ఆయన ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి కూడా ఆమె తల ఎత్తలేదు.