పొద్దుటి నివేదిక

దేవకృప నడిపే ఆశ్రయం ఇవాళే కొత్తింట్లోకి చేరింది. ఏడాదిలో ఇది మూడో ఇల్లు. భర్తల దెబ్బలకు పారిపోయి వచ్చిన తొమ్మిది మంది ఆడవాళ్లు మూటలతో దిగారు. పాత ఇళ్లు రెండింటికీ వాళ్లలో ఒకతె అయిన రమీజా మొగుడు వారం తిరక్కుండా కత్తితో వచ్చేశాడు. చిరునామా చెప్పింది వంటమనిషి సాలమ్మేనని దేవకృప తేల్చేసింది. ఏసు మీద ఒట్టేసి ఏడ్చినా వినకుండా పనిలోంచి తీసేసింది.

కంప్యూటరు బిగిస్తూ రమీజా అడిగింది. "అక్కా, రోజూ పొద్దున్నే ఈ నివేదిక ఎవరికి పోతోంది?"

"మన పేరుతో దొంగ మెయిళ్లు పోకుండా చూసే కంపెనీకమ్మా. మన మెయిళ్లు ఏ ఇంటి నుంచి వెళ్లాయో అందులో ఉంటుంది. ఇప్పుడు ఏ సంస్థకైనా అది తప్పదుగా."

"ఆ కంపెనీ ఎప్పుడో మూతపడిందంట అక్కా. దాని వెబ్ పేరుకి గడువు తీరిపోతే ఇంకెవరో కొనుక్కున్నారంట. ఆ పేరుకి పోయే మెయిళ్లన్నీ ఇప్పుడు వాళ్లకే చేరతాయంట."

ఆ పేరు ఇప్పుడు ఎవరిదో దేవకృప నెట్‌లో వెతికి చూసింది. కొన్నది రమీజా మొగుడే.

"సాలమ్మను ఉత్తపుణ్యానికి వెళ్లగొట్టాను" అంది దేవకృప. ఈ ఇంటి సంగతి రేపు పొద్దుటి నివేదికలో గానీ వెళ్లదు. ఇంకా సమయం ఉందనుకుని, నివేదిక అందుకునే మెయిల్ చిరునామాను గబగబా మార్చేసింది.

తెర మీద జవాబు వచ్చింది. "మార్పు నమోదైంది. మీ భద్రత కోసం, ఈ మార్పు ఏ ఇంటి నుంచి జరిగిందో పాత మెయిల్ చిరునామాకు తెలియజేశాం."

రమీజా ఇంకా విప్పని తన మూటను మళ్లీ చంకనెత్తుకుంది.