ఉద్యోగం ఊడిన రాక్షసుడు

వీడియో గేముల్లోని పాత్రలు కూడా జీతానికి పనిచేసే రోజులవి. "ఆఖర్లో వచ్చే రాక్షసుడు మరీ మొండిఘటం. దండగ గేము!" అని ఫణిభూషణం తను గేము ఆడే కన్సోల్‌లో అభిప్రాయం చెప్పగానే కంపెనీ ఆ రాక్షసుణ్ణి పనిలోంచి తీసేసింది. మర్నాడు వాడు పని వెతుక్కుంటూ ఫణిభూషణం వంటింట్లోని ఫ్రిజ్ తెరమీదే ప్రత్యక్షమయ్యాడు. భార్య హైమవతి జాలిపడి వాణ్ణి పాలకు కాపలా పెట్టుకుంది.

"పొంగుతున్నాయి అమ్మగారూ!" అని వాడు గర్జిస్తే వీధివీధంతా స్టవ్‌లు కట్టేసేవారు.

రాక్షసుడు లేని గేము వారానికే చప్పబడిపోయింది. ఫణిభూషణం సిగ్గుపడుతూ ఫ్రిజ్ ముందు నిలబడ్డాడు.

"తప్పు నాదేలేవయ్యా. నిన్ను మళ్లీ తీసుకోమని కంపెనీకి చెప్తాను, వచ్చెయ్."

రాక్షసుడు పాలగిన్నె మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు.

"వద్దు బాబుగారూ. ఇక్కడ నన్నెవరూ చంపట్లేదు."