ఖాళీ బిందె

ప్రభావతి పొద్దున్నే గది తలుపుకి గడియ పెట్టింది. ఫ్యాన్ ఆపింది. కంప్యూటర్ ముందు కూర్చుని, మైకుతో సహా తల మీదుగా దుప్పటి కప్పుకుంది. అసలే ఏప్రిల్, అందులోనూ పల్నాడు. లోపల ఊపిరాడటం లేదు. అయినా తప్పదు. బయట గేదె అరిస్తే అదీ రికార్డయిపోతుంది మరి.

"కాలనీ బోరు మోటారు కాలిపోయి ఇవాల్టికి ముప్పై ఎనిమిది రోజులు. డెబ్బై ఏళ్ళ జ్ఞానయ్య తాత సాగర్ కాలవ నుంచి సైకిల్ మీద నీళ్ళు మోస్తున్నాడు. ప్రెసిడెంటు గారూ! ఇంట్లో కూర్చుంటే ఇంకొకరి దాహం కనపడదు. గడప దాటి రండి. నోరు తెరిచి మాట్లాడండి. సిగ్గనిపించడం లేదా మీకు?"

చివర్లో గొంతు వణికింది. వణికితే వణికిందిలే అని అలాగే ఉంచేసింది. ఖాళీ బిందె బొమ్మ ఒకటి తగిలించి నెట్‌లో పెట్టేసింది. ఈ విద్య కూతురు యశస్విని సెలవుల్లో నేర్పింది. నర్సరావుపేట హాస్టల్‌కి పోతూ కంప్యూటర్‌ని అమ్మకి వదిలిపోయింది.

పది నిమిషాల్లో ఊరి వాట్సాప్ గ్రూపులన్నీ మోగాయి. మూడు వారాలుగా ఇదే తంతు. ఆ గొంతుకి ఊరు పెట్టుకున్న పేరు 'ఖాళీ బిందె'. అది ఎవరిదో మాత్రం ఎవరికీ అంతు చిక్కలేదు. ముప్పాళ్ళ నుంచి ఎవరినో తెచ్చి మాట్లాడిస్తున్నారని కొందరు, అవతలి పార్టీ పనేనని కొందరు.

మధ్యాహ్నం మస్తాన్‌రావు అన్నానికి వచ్చాడు. 'ప్రెసిడెంటు గారూ' అంటూ ఊళ్ళో పిల్లా పెద్దా లేచి నిలబడేది ఈయనకే. భార్య గోంగూర పప్పు వడ్డిస్తుంటే, ఫోన్ కంచం పక్కన పెట్టుకుని ఆ రికార్డింగ్ మళ్ళీ మళ్ళీ విన్నాడు.

"ఇంట్లో కూర్చుంటన్నానంట! విన్నావా? పొద్దున లేస్తే రోడ్లెంట తిరగటమేగా నా పని! నేను నోరు తెరవకపోతే ఈ ఊళ్ళో ఇంకెవడు తెరుస్తున్నాడంట?"

ప్రభావతి నెయ్యి వేసింది.

ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన ఆమె నోట విన్నవి 'ఊఁ', 'వస్తున్నా', 'ఇంకాస్త పెట్టమంటారా' మాత్రమే. ఎదురుగా ఉన్న గొంతుని పోల్చుకోలేకపోయాడంటే పాపం ఆయన తప్పేం లేదు.

"ఆ మోటారేదో బాగుచేయిస్తే పోద్దిగా," అంది.

ఆయన ముద్ద ఆపి చూశాడు. "మనకి ఓటెయ్యనోళ్ళకి నీళ్ళెందుకే? ఎండనీ! ఆ బిందె ఎవతో, దమ్ముంటే పేరు చెప్పి మాట్లాడమను. అసలు అడగటానికి దానికేం హక్కుందంట?"

చెయ్యి కడుక్కుని, సంచిలోంచి కాగితాల కట్ట తీసి ఆమె ముందు పడేశాడు.

"సంతకాలు పెట్టు. తొందరగా."

భార్యల పేరున పొలాలు, ట్రాక్టర్లు, ఇంకా ఏవేవో ఉండటం మన వైపు మామూలే. సంతకం ఒక్కటే వాళ్ళది. రోజూ చూడకుండా పెట్టే మనిషి, ఇవాళ పెన్ను పక్కన పెట్టింది.

"చదివి పెడతా."

"ఏందీ? చదువుతావా?" మస్తాన్‌రావుకి నవ్వొచ్చింది. "సరే చదువు, చదువు. సాయంత్రానికి కావాలి నాకు."

బుల్లెట్ స్టార్ట్ చేసి వెళ్ళిపోయాడు.

మస్తాన్‌రావు సెంటర్‌కి వెళ్ళేసరికి ఇర్ఫాన్ సెల్ షాపు ముందు పదిమంది మూగి ఉన్నారు. ఇర్ఫాన్ ఆ రికార్డింగ్‌ని పెద్ద స్పీకర్‌కి తగిలించాడు. గొంతు వెనకాల ఏదో చప్పుడు. మళ్ళీ పెట్టాడు. సైలెన్సర్ పగిలిన బండి ఒకటి, దగ్గి దగ్గి స్టార్టవుతోంది. గేదెకి భయపడిన మనిషి మొగుడి బండి సంగతి మరిచిపోయింది.

"అన్నా, ఇది మీ బుల్లెట్టే కదా?" అన్నాడు ఇర్ఫాన్ మెల్లగా. "పొద్దున మీ ఇంటికాడ స్టార్ట్ చేసినట్టుందే."

ఎవరూ నవ్వలేదు. ఒకరిద్దరు మాత్రం అటు తిరిగి నిలబడ్డారు.

మస్తాన్‌రావు ఇంటికి వచ్చేసరికి గది తలుపు బార్లా తెరిచి ఉంది. దుప్పటి మడత పెట్టి మంచం మీద ఉంది. ప్రభావతి మైకు ముందు కూర్చుని ఉంది. తెర మీద ఎర్ర చుక్క వెలుగుతోంది. పక్కన కాగితాల కట్ట, ఒక్క సంతకం కూడా లేకుండా. దాని మీద కాలనీ మోటారు గురించి ఆమె సొంత చేత్తో రాసిన కాగితం ఒకటి. ఆ ఒక్కదాని కింద మాత్రం సంతకం ఉంది.

"నువ్వేనా ఆ బిందెవి! ఇంట్లో ఉండి నా పరువు తీస్తావా? లే అక్కణ్ణుంచి! పగలగొడతా దాన్ని!"

"పగలగొట్టండి. ఈ మాట కూడా రికార్డవుతోంది."

ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగింది.

ప్రభావతి కుర్చీలోంచి లేవలేదు. భయం ఎక్కడికీ పోలేదు. భయపడుతూ కూడా మాట్లాడొచ్చని ఈ మూడు వారాల్లో తెలుసుకుంది, అంతే.

"ప్రెసిడెంటుని నిలదీయటానికి నువ్వెవతివే?" ఇల్లు అదిరిపోయేలా అరిచాడు.

"పేరు చెప్పమన్నారుగా. చెబుతా, ఉండండి."

ఆమె మైకు దగ్గరికి జరిగింది. ఈసారి గొంతు వణకలేదు.

"నా పేరు ప్రభావతి. పోయిన ఎలక్షన్లో, లేడీస్ సీటని మీరంతా ఓట్లేసి గెలిపించిన ఈ ఊరి ప్రెసిడెంటుని నేనే."